మిస్సింగ్ ఎక్కడ, ఖర్చు ఎక్కడ: హుషారు కారుకు ఇగ్నిషన్ ఎంపిక

ఇగ్నిషన్ మార్చినంత మాత్రాన ఇంజిన్‌కు కొత్త బలం రాదు. సిలిండర్‌లో తగిన పాళ్లలో కలిసిన పెట్రోలు, గాలి సరైన వేళకు అంటుకున్నాయంటే, ఆ నిప్పురవ్వను రెండింతలు చేసినా పిస్టన్ మీద ఒత్తిడి పెరగదు. అంటుకోకుండా పోయిన దఫాలు, అంటే మిస్సింగ్, ఉంటే మాత్రం వాటితో పోయిన బలం తిరిగి వస్తుంది. కిట్ల అట్టపెట్టెల మీద అచ్చేసే హార్స్‌పవర్ అంకెలు చాలావరకు ఈ తేడాను దాచిపెడతాయి. అరిగిన పాయింట్లున్న బండికి ఎలక్ట్రానిక్ కిట్ బిగిస్తే పికప్ పెరిగిందనిపించడం నిజమే. అయితే అది ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున ఆ బండికి ఉన్న పికప్పే.

ఖరగ్‌పూర్‌లో ఐఐటీ ఆవరణ పక్కనే ఉన్న ప్రేమ్ బజార్ నుంచి చూస్తే ఈ విషయానికి రెండు కొసలూ దగ్గరలోనే దొరుకుతాయి. ఒక కొస అంబాసిడర్. ఇదే రాష్ట్రంలో, హుగ్లీ జిల్లా ఉత్తరపారాలో 2014 దాకా తయారైన కారు అది. చాలాకాలం దానికి గుండె 1489 సీసీ బీఎంసీ బి-సిరీస్ ఇంజిన్. అదే కుటుంబానికి చెందిన 1798 సీసీ ఇంజిన్‌తో బ్రిటన్‌లో ఎంజీబీ స్పోర్ట్స్ కారు పరిగెత్తింది. అందుకే ఎంజీ అభిమానులు అరవై ఏళ్లుగా కూడబెట్టిన ఇగ్నిషన్ జ్ఞానం అంబాసిడర్‌కు దాదాపు యథాతథంగా పనికొస్తుంది. రెండో కొస ఐఐటీ విద్యార్థుల బృందం టీమ్‌కార్ట్ పని: ఫార్ములా స్టూడెంట్ పోటీల ఒంటిసీటు బండి. ఈ రెండింటి నడుమ జిప్సీ, ఎస్టీమ్, బలెనో ఆర్ఎస్, పోలో టీఎస్ఐ వంటివి వస్తాయి. వీటన్నిటికీ ఒకే కిట్ మేలని చెప్పే దుకాణదారును నమ్మనక్కరలేదు.

ముందు పాత పద్ధతి లెక్క. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ రూపొందించి, 1910 నాటి కాడిలాక్ కార్లలో పెట్టిన బ్యాటరీ ఇగ్నిషన్ సూత్రమే అంబాసిడర్ పాయింట్లలోనూ ఉంది. పాయింట్లు మూసుకున్నంతసేపు కాయిల్ ప్రైమరీ చుట్టలో కరెంటు పెరుగుతుంది. అవి విడిపోగానే సెకండరీలో వేల వోల్టులు పుడతాయి. నాలుగు సిలిండర్ల ఇంజిన్ 6000 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు 200 సార్లు రవ్వ కోరుతుంది, అంటే 5 మిల్లీసెకన్లకు ఒకటి. పాయింట్లు మూసుకుని ఉండే కోణం, అంటే డ్వెల్, 60 డిగ్రీలైతే అందులో అవి మూసుకుని ఉండేది 3.3 మిల్లీసెకన్లే. 3 ఓంల నిరోధం, 9 మిల్లీహెన్రీల ఇండక్టెన్స్ ఉన్న కాయిల్‌ను 12 వోల్టుల మీద తీసుకుంటే, ఐడిల్‌లో అది 4 ఆంపియర్లదాకా నిండి 72 మిల్లీజౌళ్లు దాచుకుంటుంది. 6000 దగ్గర 2.7 ఆంపియర్లకే ఆగిపోతుంది, మిగిలేది 32 మిల్లీజౌళ్లు. సగానికి పైగా పోయిందన్నమాట. పాయింట్ల స్ప్రింగ్ బలహీనపడి ఎగిరెగిరి పడుతుంటే ఇదీ మిగలదు.

ఇంజిన్ కోరే వోల్టేజి మాత్రం వేరే దారిలో నడుస్తుంది. ప్లగ్ గ్యాప్ పెరిగినా, సిలిండర్‌లో ఒత్తిడి పెరిగినా, ఎలక్ట్రోడ్ అంచులు గుండ్రంగా అరిగినా ఎక్కువ వోల్టులు కావాలి. ఐడిల్‌లో 10 వేల చుట్టుపక్కల సరిపోయేది ఫుల్ థ్రాటిల్‌లో 20 వేలు దాటవచ్చు. సిలిండర్ బాగా నిండేది టార్క్ గరిష్ఠంగా ఉండే ఆర్‌పీఎం దగ్గర కనుక, వోల్టేజి అవసరం పతాక స్థాయికి చేరేదీ అక్కడే. కొనుగోలుకు ముందు చేయాల్సిన నిర్ధారణ ఇక్కడే ఉంది. మూడో నాలుగో గేరులో మధ్య ఆర్‌పీఎం నుంచి ఒక్కసారి తొక్కినప్పుడు మిస్సింగ్ వస్తే వోల్టేజి చాలడం లేదని అనుమానించాలి. పై ఆర్‌పీఎంలో మాత్రమే వస్తే కాయిల్‌కు నిండే సమయం చాలడం లేదు, లేదా పాయింట్లు ఎగురుతున్నాయి. ఖర్చులేని పరీక్ష కూడా ఒకటుంది: ప్లగ్ గ్యాప్‌ను 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్లు తగ్గించి మళ్లీ నడపడం. మిస్సింగ్ మాయమైతే లోపం ఇగ్నిషన్‌లోనే. మారకపోతే కార్బురేటర్‌నో, పెట్రోల్ పంపునో చూడాలి.

పాయింట్ల బండికి మొదటి మెట్టు డిస్ట్రిబ్యూటర్‌లోనే దాగిపోయే అయస్కాంత మాడ్యూల్. పెర్‌ట్రోనిక్స్ ఇగ్నిటర్ వంటివి లూకాస్ నమూనా డిస్ట్రిబ్యూటర్లకు దొరుకుతాయి. పాయింట్లు, కండెన్సర్ తీసేసి, షాఫ్ట్‌కు ఉంగరం తొడిగి, రెండు తీగలు కలిపితే పని అయిపోతుంది. కొనేముందు చూడాల్సినవి రెండు. మొదటిది ఎర్త్: పాత బ్రిటిష్ తరహా బండ్లలో పాజిటివ్ ఎర్త్ ఉండేది. దానికి నెగటివ్ ఎర్త్ మాడ్యూల్ పెడితే తాళం తిప్పిన మరుక్షణమే పోతుంది. రెండోది కాయిల్ నిరోధం. మాడ్యూల్ తయారీదారు 3 ఓంలు అడిగితే, బల్లాస్ట్ రెసిస్టర్ కోసం చేసిన 1.5 ఓంల కాయిల్‌ను నేరుగా కలపకూడదు. మల్టీమీటర్‌తో అరనిమిషంలో తేలే సంగతి ఇది. చాలా మాడ్యూళ్లు ఇది చూడకపోవడం వల్లే కాలతాయి, నింద కంపెనీ మీద పడుతుంది. డిస్ట్రిబ్యూటర్ బుష్ అరిగిపోయి షాఫ్ట్ ఊగుతున్నా, అడ్వాన్స్ బరువుల స్ప్రింగులు సాగిపోయినా ఏ మాడ్యూలూ వాటిని నయం చేయదు. ఆ డబ్బు ముందు బుష్‌కు పెట్టడమే తెలివి.

రెండో మెట్టులో కెపాసిటర్ డిశ్చార్జ్ పెట్టె, అంటే సీడీఐ. ఇందులో కాయిల్ శక్తిని దాచదు. 400 వోల్టుల పైచిలుకుకు నిండిన కెపాసిటర్ ఒక్క దెబ్బతో కాయిల్‌లోకి ఖాళీ అవుతుంది. పల్సర్ డీటీఎస్-ఐ లాంటి మోటార్‌సైకిళ్లతో సీడీఐ అనే పేరు మెకానిక్‌లందరికీ తెలిసిందే. వోల్టేజి అతి వేగంగా పెరుగుతుంది కనుక మసిపట్టిన ప్లగ్ కూడా వెలుగుతుంది, పై ఆర్‌పీఎంలో బలం తగ్గదు. లోపం ఏమిటంటే రవ్వ నిలిచే కాలం చాలా తక్కువ. ఇండక్టివ్ కాయిల్ రవ్వ ఒకటి రెండు మిల్లీసెకన్లు వెలిగితే, సీడీఐ రవ్వ అందులో చిన్న భాగమే ఉంటుంది. పలుచని మిశ్రమానికి అది చాలదు. ఎల్ పాసోలో పుట్టిన ఎంఎస్‌డీ కంపెనీ 6ఏ పెట్టె సుమారు 3000 ఆర్‌పీఎం లోపు ఒకే స్ట్రోకులో వరుసగా అనేక రవ్వలు వేసేది ఈ లోటు పూడ్చడానికే. 5500 దాటని అంబాసిడర్‌కు ఇంతటి పెట్టె అవసరం లేదనే చెప్పాలి. కంప్రెషన్ పెంచి, క్యామ్ మార్చి, రెండు కార్బురేటర్లు పెట్టిన ర్యాలీ ఇంజిన్‌కు అర్థం ఉంది.

ప్రతి ప్లగ్‌కూ ఒక కాయిల్ ఉన్న నేటి కార్లలో ఈ కథ తలకిందులవుతుంది. 6000 దగ్గర కూడా ఒక్కో కాయిల్‌కు 20 మిల్లీసెకన్ల వ్యవధి దొరుకుతుంది, నిండడానికి మూడు నాలుగు చాలు. కాబట్టి రీమ్యాప్ చేయని కారుకు రంగురంగుల పెర్ఫార్మెన్స్ కాయిల్స్ కొనడం డబ్బు పారేసుకోవడమే. టర్బో బూస్ట్ పెంచినప్పుడే అసలు చిక్కు. ఒత్తిడి పెరిగి, రవ్వ గ్యాప్‌ను దాటలేక ఆరిపోతుంది. అప్పుడు వరుస ఇది: కొత్త ప్లగ్‌లు, 0.8 మిల్లీమీటర్లు ఉన్న గ్యాప్‌ను 0.6 లేదా 0.7కు తగ్గించడం, అప్పటికీ ఆరిపోతుంటే బలమైన కాయిల్స్. కొత్త కాయిల్‌కు తగ్గ డ్వెల్ పట్టికను ఇంజిన్ కంప్యూటర్ అయిన ఈసీయూలో సరిచేయకపోతే అది సగమే నిండుతుంది, లేదా వేడెక్కి మాడుతుంది.

ప్లగ్‌ల విషయంలో మోసపోయేది హీట్ రేంజ్ దగ్గర. ఇన్సులేటర్ మొన దాదాపు 450 డిగ్రీలు దాటితే మసిని తానే కాల్చుకుంటుంది. 850 దాటితే రవ్వ పడకముందే మిశ్రమాన్ని అంటిస్తుంది, పిస్టన్‌కు చిల్లు పడేది అలాగే. బూస్ట్ పెంచిన ఇంజిన్‌కు ఒక అంచె చల్లని ప్లగ్ వాడటం అందుకే. అయితే ఎన్‌జీకే, డెన్సో ప్లగ్‌లలో అంకె పెరిగితే చల్లదనం పెరుగుతుంది. బాష్, ఛాంపియన్‌లలో అంకె పెరిగితే వేడి పెరుగుతుంది. మైకో పేరుతో దశాబ్దాలు అమ్ముడైనవీ బాష్ లెక్కవే. ఒక కంపెనీ అంకెను పట్టుకుని ఇంకో కంపెనీ ప్లగ్ అడగడం ప్రమాదం. సన్నని మొన ఇరీడియం ప్లగ్‌కు తక్కువ వోల్టేజి చాలు, ఎక్కువకాలం వస్తుంది. దాని గ్యాప్‌ను మొన తగిలేలా ఫీలర్ గేజ్ దూర్చి సవరించకూడదు, మొన విరుగుతుంది.

హెచ్‌టీ లీడ్లకు ఒకే షరతు: ఈసీయూ ఉన్న బండికి నిరోధం లేని రాగి లీడ్లు వద్దు. వాటి రేడియో రొద సెన్సర్లను తికమక పెడుతుంది. ఖరగ్‌పూర్ వానాకాలపు తేమలో డిస్ట్రిబ్యూటర్ క్యాప్ లోపలి సన్నని కార్బన్ గీత లీడ్లకంటే ఎక్కువ మిస్సింగ్ తెస్తుంది.

రవ్వ బలం కంటే రవ్వ వేళకే ఎక్కువ విలువ అని ఫార్ములా స్టూడెంట్ బండి చూపిస్తుంది. ఆ పోటీల నిబంధనల ప్రకారం పెట్రోల్ ఇంజిన్ 710 సీసీ మించకూడదు, గాలంతా 20 మిల్లీమీటర్ల రెస్ట్రిక్టర్ గుండానే రావాలి. పై ఆర్‌పీఎంలో సిలిండర్ నిండదు కనుక మోటార్‌సైకిల్ ఇంజిన్‌తో వచ్చిన కాయిలే సాధారణంగా చాలుతుంది. ఫ్యాక్టరీ టైమింగ్ పట్టిక మాత్రం పనికిరాదు. అందుకే ఈ కోవకే చెందిన ఫార్ములా భారత్ పోటీ కోసం కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వేకు వెళ్లే జట్లకు ప్రోగ్రామబుల్ ఈసీయూ మీద పెట్టే ఖర్చే ఫలితమిస్తుంది. రోడ్డు కారుకూ ఇదే వరస. సాధారణ పెట్రోలుకు బదులు ఎక్కువ ఆక్టేన్ ఉన్న ఎక్స్‌పీ100 పోసినా, టైమింగ్ ముందుకు జరపనిదే, లేదా నాక్ సెన్సర్ జరుపుకోనిదే, దానిలోని లాభం చేతికి రాదు.

ఏ కిట్ పెట్టినా టైమింగ్ లైటుతో మళ్లీ సరిచూడాలి. పాయింట్లు విడిపోయే క్షణం, మాడ్యూల్ తెరుచుకునే క్షణం ఒకటి కావు. కొన్ని డిగ్రీల తేడా తప్పదు. నాకింగ్ వినబడితే రెండు డిగ్రీలు వెనక్కి తేవాలి. అరిగిన పాయింట్లను దారిలోనే గరుకు కాగితంతో రుద్ది ఇంటికి చేరవచ్చు, పోయిన మాడ్యూల్‌తో అది కుదరదు. అందుకని తీసేసిన పాయింట్ల పళ్లెం, కండెన్సర్ సెట్ చేసినవి చేసినట్టే గుడ్డలో చుట్టి డిక్కీలో ఉంచుకోవాలి.