వందసార్లూ "పవడ"
(ఓడలరేవులో తల్లిదండ్రుల సమావేశంలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

 

ముందు నా తప్పు చెప్పుకుంటాను. ఇరవై ఏళ్ళ క్రితం నా క్లాసులో ఒక కుర్రాడు ఉండేవాడు. వలకి ఎన్ని కిలోలు పడితే ఎవరి వాటాకి ఎంతొస్తుందో నోటితోనే చెప్పేసేవోడు. "పడవ" రాయమంటే మాత్రం "పవడ" అని రాసేవోడు. ఇంపోజిషన్ ఇచ్చాను. వందసార్లూ "పవడ" అనే రాసుకొచ్చాడు. కొట్టాను. ఆరో తరగతిలో బడి మానేసి వేటకెళ్ళిపోయాడు. బద్ధకస్తుడైతే వందసార్లు రాసేవాడా? అప్పుడు నాకు తట్టలేదు.

దీన్ని డిస్లెక్సియా అంటారు. తెలివి తక్కువై రాదు. శబ్దాన్నీ అక్షరాన్నీ జతచేసే పని మెదడులో వేరేగా నడుస్తుంది, అంతే. కలిగినోళ్ళ పిల్లాడికైతే డాక్టరు దగ్గరికి పరిగెత్తుతారు. మన పేట పిల్లాడికైతే "వీళ్ళకి చదువెక్కడొస్తుందిలే" అని కులం మీదికి తోసేస్తారు. నేనూ పేట నుంచి వచ్చినోణ్ణే, మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. అయినా బెత్తం చేతికొచ్చాక నా నోటా అదే మాట వచ్చింది.

ఒక్క సంగతి గమనించండి. "చదువు"ని "సదువు" అని రాస్తే అది లోపం కాదు. మన ఇళ్ళల్లో అలాగే అంటాం, విన్నట్టే రాశాడు. చెవి బాగానే పనిచేస్తోందన్నమాట. మూడో తరగతి దాటినా "చవుదు" అని తారుమారు చేస్తుంటే, వత్తులూ దీర్ఘాలూ ఎగిరిపోతుంటే అప్పుడు అనుమానించాలి. ముందు కళ్ళూ చెవులూ పరీక్ష చేయించండి.

మనకి ఇసక్కి కొదవ లేదు కదా! తడి ఇసకలో వేలితో పెద్దగా రాయించండి. రాస్తూ పైకి అనాలి. ప, డ, వ... అక్షరానికో చప్పట, చప్పటకో గవ్వ. మూడు గవ్వలు పెట్టాక మూడక్షరాలు. చదువురాని తల్లి కూడా ఈ చప్పట్లు కొట్టించగలదు. వత్తు దగ్గరే పిల్లలు ఎక్కువ తడబడతారు. "గడి", "గడ్డి" అనిపించండి. గడ్డి అన్నప్పుడు నాలుక అంగిట్లో కాస్త ఆగుతుంది. "ఉప్పు" అన్నప్పుడు పెదాలు మూసుకుని ఆగుతాయి. ఆ ఆగినచోటే వత్తు. ఉప్పు, తెడ్డు, రొయ్య వచ్చాకే "ప్ర", "స్త్ర" జోలికెళ్ళాలి. దీర్ఘమొస్తే చెయ్యి చాపించండి: పడి, పాడి. ప, వ, ష ఒకేరోజు నేర్పొద్దు, ఆకారాలు కలిసిపోతాయి. రోజుకి నాలుగు మాటలు చాలు. తోటి పంతుళ్ళకీ చెబుతున్నాను, పేజీ నిండా ఎర్రసిరా పొయ్యకండి. ఈ రోజు వత్తులు చూస్తే, దీర్ఘాలు రేపు చూడండి.

1995 వికలాంగుల చట్టంలో ఈ ఇబ్బందికి పేరే లేదు. 2016 చట్టం 21 రకాల్లో ఒకటిగా చేర్చింది. చిన్నప్పుడే గుర్తించాలంది. పరీక్షలో ఎక్కువ టైము, రాసిపెట్టే మనిషి, రెండో, మూడో భాషల నుంచి మినహాయింపు ఇవ్వాలంది. అడగందే ఎవరూ ఇవ్వరు. బడిలో అడగండి, మండలంలో భవిత కేంద్రంలో అడగండి. నోటిమాటగా కాదు, కాగితం రాసివ్వండి. రాయడం రాకపోతే నేను రాసిపెడతాను.

ఆదివారం పొద్దున్న రేవు దగ్గర కూర్చుంటాను. పిల్లల పాత నోటుబుక్కులు తెండి, తప్పులున్నవే తెండి. ఇది వంశంలో రావచ్చు కూడా. ఆ కుర్రాడికి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. చిన్నది "వల"ని "లవ" అని రాస్తోందట. దాన్ని తీసుకురమ్మని కబురు పెట్టాను.