యంత్రాల నడుమ మేడతోట

జీడిమెట్ల, గాజువాక ఆటోనగర్ లాంటి పారిశ్రామికవాడల్లో మేడ మీద తోట అనగానే చాలామంది ముందు కుండీల సంగతి అడుగుతారు. అడగాల్సింది స్లాబు సంగతి. మనుషులు తిరిగే మేడకప్పును మామూలుగా చదరపు మీటరుకు 150 కిలోల అదనపు బరువుకే లెక్కగడతారు. అడుగు లోతు తడిమట్టి వేస్తే అదొక్కటే 500 కిలోలకు తగ్గదు! అందుకే ముందు ఇంజనీరుకు చూపించండి. మట్టిలో కొబ్బరిపొట్టు, వర్మీకంపోస్టు కలిపి తేలిక చేయండి. పెద్ద కుండీలను దూలాల మీదికి, అంచు గోడల వారకు జరపండి. నడుమ మిగిలిన ఖాళీయే మీ ముంగిలి.

ఇక మోత. మొక్కలు దాన్ని ఆపుతాయనుకోవడం ఒట్టి భ్రమ. సందుల్లేని పిట్టగోడ ఆపుతుంది, అదీ కూర్చున్నవారి తలకంటే ఎత్తుంటేనే. పక్కన సన్నని నీటిధార పెడితే మిగిలిన రొద కొంత మరుగున పడుతుంది. ఆ నీరు పడే తొట్టిలో గప్పీ చేపలు వదిలితే దోమపిల్లల్ని అవే తినేస్తాయి.

దుమ్మును గన్నేరు బాగా తట్టుకుంటుంది. కానీ అది విషం, పసిపిల్లలున్నచోట వద్దు. కాగితంపూలు పెట్టుకోండి, అప్పుడప్పుడూ ఆకులు కడగండి. ఆకుకూరలు మాత్రం నేను పెంచమనను. మసీ, లోహపు దుమ్మూ ఆకుల మీదే చేరతాయి. ఆ చోటు మల్లెకీ నందివర్ధనానికీ ఇవ్వండి.