గేమ్ ఆడుతుంటే ల్యాప్‌టాప్ ఫ్రీజ్ అవుతోందా? ఫార్మాట్ కొట్టే ముందు ఇది వినండి

ఈ రోజు టాపిక్ మీలో చాలామంది అడుగుతున్నదే. గేమింగ్ ల్యాప్‌టాప్ కొన్నాం. సినిమాలు బాగానే నడుస్తాయి, ఆన్‌లైన్ క్లాసులు బాగానే నడుస్తాయి. గేమ్ ఓపెన్ చేసి అరగంట ఆడేసరికి స్క్రీన్ బిగుసుకుపోతుంది. మౌస్ కదలదు. సౌండ్ మాత్రం ట్ర్‌ర్‌ర్ అని ఒకే ముక్క మళ్ళీ మళ్ళీ వస్తుంది. పవర్ బటన్ నొక్కి పట్టుకుంటే తప్ప వేరే దారి ఉండదు. ఇదే కదా ప్రాబ్లం?

ముందు నా తప్పు ఒకటి చెప్తాను. మా బాబాయ్ కొడుకు బీటెక్ థర్డ్ ఇయర్, హాస్టల్లో ఉంటాడు. వాళ్ళ నాన్న ఈఎంఐ మీద కొనిచ్చిన ల్యాప్‌టాప్. వారంటీ అయిపోయింది. సరిగ్గా ఇదే ప్రాబ్లంతో నాకు ఫోన్ చేశాడు. నేను బండి మీద ఉన్నాను, హడావిడిలో "ఫార్మాట్ కొట్టెయ్ రా, సెట్ అయిపోతుంది" అన్నాను. వాడు కొట్టేశాడు. మినీ ప్రాజెక్ట్ రిపోర్ట్ డెస్క్‌టాప్ మీదే ఉంది, బ్యాకప్ లేదు. రిపోర్ట్ పోయింది. గేమ్ మాత్రం మళ్ళీ అలాగే ఫ్రీజ్ అయింది.

తర్వాత వాడు రిపేర్ షాపుకి తీసుకెళ్తే, పది నిమిషాలు చూసి "మదర్‌బోర్డు పోయింది, 22 వేలు అవుతుంది" అన్నారట. ఇంట్లో చెప్పే ధైర్యం లేదు. "అన్నా, ఎంతొస్తే అంతకి అమ్మేద్దాం అనుకుంటున్నా" అని మళ్ళీ ఫోన్ చేశాడు. అప్పుడు కూర్చున్నా, సీరియస్‌గా. ఆ రోజు నుంచి మేము ఏం చేశామో అదే వరుసలో చెప్తాను. మీరూ అదే వరుసలో చేయండి.

అన్నిటికంటే ముందు బ్యాకప్. ల్యాప్‌టాప్‌ని ఇలా బలవంతంగా ఆఫ్ చేసిన ప్రతిసారీ ఫైల్స్ పాడయ్యే ఛాన్స్ ఉంటుంది. కాబట్టి ఫోటోలు, ప్రాజెక్టులు పెన్‌డ్రైవ్‌లోకో క్లౌడ్‌లోకో ఎక్కించండి. బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే దాని రికవరీ కీ కూడా రాసి పెట్టుకోండి. బయోస్ అప్‌డేట్ చేశాక ఒక్కోసారి ఆ కీ అడుగుతుంది. అప్పుడు లేదంటే మీ డేటా మీకే తెరుచుకోదు.

రెండోది, ఒక కాగితం తీసుకోండి. నవ్వకండి, నిజంగానే కాగితం. ఫ్రీజ్ అయిన ప్రతిసారీ నాలుగు విషయాలు రాయండి. గేమ్ మొదలుపెట్టిన ఎన్ని నిమిషాలకి అయింది? ఛార్జర్ పెట్టి ఉందా లేదా? గేమ్‌తో పాటు ఇంకేం నడుస్తోంది? ఒక్క గేమ్‌లోనే అవుతోందా, వేరే గేమ్‌లో కూడానా? ఈ చివరి ప్రశ్న చాలా ముఖ్యం. ఒక్క గేమ్‌లోనే అయితే ముందు ఆ గేమ్‌ని అనుమానించాలి. స్టీమ్‌లో అయితే గేమ్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, ఇన్‌స్టాల్డ్ ఫైల్స్‌లోకి వెళ్తే ఫైల్స్ వెరిఫై చేసే ఆప్షన్ ఉంటుంది. అది చేయండి. ఓవర్‌లేలు, మోడ్స్ అన్నీ ఆపి చూడండి. అన్ని గేమ్స్‌లోనూ అవుతుంటే గేమ్‌ని తిట్టి లాభం లేదు. మావాడికి మూడు గేమ్స్‌లోనూ అయింది.

మూడోది, ఫ్రీజ్ అయిన ఆ క్షణంలో చేయాల్సిన పని. వెంటనే పవర్ బటన్ మీదకి వెళ్ళకండి. క్యాప్స్ లాక్ నొక్కండి. దాని లైట్ వెలిగి ఆరుతోందా? అలా అయితే విండోస్ ఇంకా బతికే ఉంది, గేమో గ్రాఫిక్సో ఇరుక్కుపోయింది. అప్పుడు విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బీ ఈ నాలుగూ కలిపి నొక్కండి. గ్రాఫిక్స్ డ్రైవర్ రీసెట్ అవుతుంది. స్క్రీన్ ఒకసారి నల్లగా అయి తిరిగొస్తే మీ అనుమానం గ్రాఫిక్స్ వైపు తిరగాలి. అదీ కాకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ నొక్కి టాస్క్ మేనేజర్‌లోంచి గేమ్‌ని మూసేయండి. క్యాప్స్ లాక్ లైట్ కూడా మారడం లేదంటే మాత్రం సిస్టమ్ మొత్తం బిగుసుకుపోయినట్టు. అప్పుడు హార్డ్‌వేర్, డ్రైవర్, బయోస్ ఈ మూడింటి మీద అనుమానం పెరుగుతుంది. మావాడిది ఈ రెండో రకం.

నాలుగోది, విండోస్ రాసుకున్న డైరీ చదవాలి. సెర్చ్‌లో ఈవెంట్ వ్యూయర్ అని కొట్టండి. విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ ఓపెన్ చేసి, ఫ్రీజ్ అయిన టైమ్ దగ్గర ఎర్ర గుర్తులు చూడండి. అక్కడ చాలామందికి కర్నల్ పవర్ 41 అని కనిపిస్తుంది. అది చూసి "పవర్ ప్రాబ్లం, ఛార్జర్ మార్చాలి" అని పరిగెత్తుతారు. ఫ్రెండ్స్, అది కారణం కాదు. సిస్టమ్ పద్ధతిగా షట్‌డౌన్ కాకుండా ఆగి మళ్ళీ స్టార్ట్ అయిందని మాత్రమే దాని అర్థం. మీరు పవర్ బటన్ నొక్కి పట్టుకున్నారు కదా, అందుకే అది వచ్చింది.

చూడాల్సింది దానికి ముందు ఏముందో. డిస్‌ప్లే 4101 ఉంటే గ్రాఫిక్స్ డ్రైవర్ జవాబు ఇవ్వక విండోస్ దాన్ని రీసెట్ చేసిందని అర్థం. మామూలుగా జీపీయూ రెండు సెకన్లు పలక్కపోతే విండోస్ ఆ పని చేస్తుంది. అప్పుడు గ్రాఫిక్స్ డ్రైవర్‌ని పూర్తిగా తీసేసి, మీ ల్యాప్‌టాప్ కంపెనీ సైట్‌లో ఇచ్చిన వెర్షన్ వేసి చూడండి. డిస్క్ పేరుతో 7, 153 లాంటి నంబర్లు గానీ, స్టోరేజ్ డ్రైవర్ పేరుతో 129 గానీ పదే పదే వస్తుంటే ఎస్ఎస్‌డీ వైపు చూడండి. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ డ్రైవ్ హెల్త్ చూపిస్తుంది. వీయా లాగర్ అని ఉంటే హార్డ్‌వేర్ నుంచే ఎర్రర్ వచ్చిందని. మావాడి డైరీలో ఇవేవీ లేవు. 41 ఒక్కటే ఉంది. అంటే ఒక్క మాట రాసుకునే టైమ్ కూడా దొరక్కుండా సిస్టమ్ ఆగిపోతోంది.

ఐదోది వేడి. మన ఎండాకాలం గురించి వేరే చెప్పాలా? బయట 43 డిగ్రీలు, హాస్టల్ రూమ్‌లో ఏసీ ఉండదు, ల్యాప్‌టాప్ పరుపు మీద. కింద గాలి తీసుకునే జాలీలు మూసుకుపోతాయి. కాబట్టి వేడిని అనుమానించడం కరెక్టే. కానీ గుడ్డిగా అనుమానించొద్దు, కొలవండి. హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అనే ఫ్రీ టూల్‌లో సెన్సర్ లాగింగ్ ఆన్ చేస్తే టెంపరేచర్లన్నీ ఒక ఫైల్‌లో రాస్తూ పోతుంది. ఫ్రీజ్ అయ్యాక రీస్టార్ట్ చేసి ఆ ఫైల్‌లో చివరి లైన్లు చూడండి.

ఇక్కడ ఒక విషయం. గేమింగ్ ల్యాప్‌టాప్‌లో సీపీయూ 90 దాటడం మామూలే. లిమిట్ దగ్గరికి వస్తే ముందు అది స్పీడ్ తగ్గించుకుంటుంది. అంటే వేడి ప్రాబ్లం అయితే మామూలుగా ముందు ఫ్రేమ్స్ పడిపోతాయి, గేమ్ నత్తనడక నడుస్తుంది. ఇంకా పెరిగితే ల్యాప్‌టాప్ దానంతట అదే ఆఫ్ అయిపోతుంది. అప్పటిదాకా స్మూత్‌గా ఆడుతూ ఉన్నట్టుండి బిగుసుకుపోయిందంటే వేరే కారణాలు కూడా చూడాలి. మావాడి ఫైల్‌లో చివరి లైన్: సీపీయూ 88, జీపీయూ 79. ఫ్రేమ్స్ ఎక్కడా పడలేదు. అయినా ఫ్యాన్ దుమ్ము దులిపించాం, ల్యాప్‌టాప్‌ని బల్ల మీద పెట్టించాం, ఫ్రేమ్స్‌ని 60కి లాక్ చేశాం. ఇంతకుముందు 20 నిమిషాలకి అయ్యేది, ఇప్పుడు గంటకి అయింది. కానీ అయింది.

ఆరోది. నిజానికి ఇది నేను మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న. "ఏరా, ఇది మొదలవ్వక ముందు ల్యాప్‌టాప్‌లో ఏం మార్చావు?"

"ఏం మార్చలేదన్నా."

"ఏమీ లేదా? సరిగ్గా గుర్తు తెచ్చుకో."

కాసేపు ఆగి, "సంక్రాంతి సెలవుల్లో 8 జీబీ ర్యామ్ ఎక్స్‌ట్రా వేయించా. కానీ అది బాగానే ఉందన్నా, 16 చూపిస్తోంది కదా" అన్నాడు.

16 చూపించడం వేరు, 16 సరిగ్గా పనిచేయడం వేరు. ర్యామ్‌లో ఎక్కడో ఒక చోట పాడైందనుకోండి. బ్రౌజర్, సినిమా లాంటి చిన్న పనులకి మెమరీ కొంచెమే నిండుతుంది, ఆ చోటు దాకా వెళ్ళకపోవచ్చు. పెద్ద గేమ్ వచ్చి మెమరీ అంతా ఆక్రమించినప్పుడు ఆ చోటు వాడకంలోకి వస్తుంది. దానికి తోడు వేడి. ఆ వేడిలో అంతంతమాత్రంగా ఉన్న ర్యామ్ ఇంకా తడబడుతుంది. చల్లబరిస్తే 20 నిమిషాలది గంట అవ్వడం దీనికి సరిపోయింది. ఫార్మాట్ కొట్టినా ఎందుకు పోలేదో ఇప్పుడు అర్థమైందా? సాఫ్ట్‌వేర్‌ది కాని జబ్బుకి సాఫ్ట్‌వేర్ మందు వేశాం.

అనుమానం ఉంటే సరిపోదు, టెస్ట్ చేయాలి. విండోస్‌లోనే మెమరీ డయాగ్నొస్టిక్ ఉంటుంది, సెర్చ్‌లో ఆ పేరు కొడితే వస్తుంది. కానీ అది అన్నీ పట్టుకోదు. దానికంటే మెమ్‌టెస్ట్ 86ని పెన్‌డ్రైవ్‌లో వేసి, దాంతో బూట్ చేసి రాత్రి పడుకునే ముందు పెట్టండి. కొన్ని గంటలు పడుతుంది. పొద్దున్నే చూస్తే ఎర్రర్స్ సున్నా ఉండాలి. ఒక్కటి వచ్చినా "ఒకటే కదా" అని వదలొద్దు. మావాడి స్క్రీన్ ఫోటో పంపాడు, ఎర్రగా వరసలు వరసలు.

ఇక స్టిక్కా, స్లాటా? రెండు స్టిక్స్ ఉంటే ఒకటి తీసి, ఒక్కదాంతోనే ఆడి చూడండి. తర్వాత రెండోదాన్ని పెట్టండి. స్లాట్లు కూడా మార్చి చూడండి. తప్పు స్టిక్‌తో పాటు తిరిగితే స్టిక్ పాడైనట్టు. ఏ స్టిక్ పెట్టినా ఒకే స్లాట్‌లో ఫెయిల్ అయితే అప్పుడు బోర్డు. ఇది చేసే ముందు ఛార్జర్ తీసేయండి, పూర్తిగా షట్‌డౌన్ చేయండి, చేతిలో స్టాటిక్ పోవడానికి ఏదైనా ఇనుప వస్తువు ముట్టుకోండి. మూత తీసే అలవాటు లేకపోతే తెలిసినవాళ్ళని పక్కన పెట్టుకోండి. వారంటీలో ఉంటే అసలు మూత తీయకండి, నేరుగా సర్వీస్ సెంటర్‌కి వెళ్ళండి. ఇంకో మాట, కొన్ని ల్యాప్‌టాప్స్‌లో ర్యామ్ బోర్డుకే అతికించి వస్తుంది, తీయడం కుదరదు.

మావాడు కొత్త స్టిక్ తీసేసి, పాత 8 జీబీతోనే నాలుగు రోజులు ఆడాడు. ఒక్కసారి కూడా ఫ్రీజ్ అవ్వలేదు. కొత్త స్టిక్ ఒక్కటే పాత స్లాట్‌లో పెట్టాడు. పావుగంటలో బిగుసుకుపోయింది. దొంగ దొరికాడు. మదర్‌బోర్డు నిక్షేపంగా ఉంది.

అంతా హ్యాపీ ఎండింగ్ అనుకోకండి. ఆ స్టిక్‌కి బిల్లు తీసుకోలేదు, కాబట్టి మార్చి ఇవ్వలేదు. ఆ డబ్బు పోయింది. టెక్స్చర్ సెట్టింగ్స్ తగ్గించుకుని 8 జీబీతోనే నడిపిస్తున్నాడు. మినీ ప్రాజెక్ట్ రిపోర్ట్ మాత్రం రెండు రాత్రులు కూర్చుని మళ్ళీ మొదటి నుంచి టైప్ చేశాడు. అది నా సలహా వల్ల. వాడు ఏమీ అనలేదు కానీ నాకు తెలుసు.

ఇప్పుడు మీ సంగతి. మీకూ ర్యామే అయి ఉంటుందని నేను అనడం లేదు. మీది డ్రైవర్ కావచ్చు, ఎస్ఎస్‌డీ కావచ్చు. సీ డ్రైవ్ నిండిపోయి విండోస్‌కి పేజ్ ఫైల్ పెంచుకునే చోటు లేకపోవడం కూడా కావచ్చు. ఎవరో చెప్పారని అండర్‌వోల్ట్, ఓవర్‌క్లాక్ చేసి ఉంటే ముందు అవి తీసేసి నార్మల్‌కి తీసుకురండి. రూల్ ఒక్కటే: ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చాక రెండు మూడు రోజులు చూడండి, కాగితం మీద రాయండి. ఒకేసారి ఐదు మార్చేస్తే బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు, మళ్ళీ వస్తే మళ్ళీ మొదటికే.

ఇవన్నీ చేశాక కూడా, ర్యామ్ క్లీన్, డ్రైవ్ క్లీన్, వేడి కంట్రోల్‌లో ఉంది, డ్రైవర్లూ బయోసూ కొత్తవి, అయినా ఫ్రీజ్ అవుతోందంటే అప్పుడు సర్వీస్ సెంటర్‌కి వెళ్ళండి. వెళ్ళేటప్పుడు ఆ కాగితం పట్టుకెళ్ళండి. "గేమ్ ఆడితే హ్యాంగ్ అవుతోంది సార్" అంటే వాళ్ళు ఏదైనా చెప్పొచ్చు. "మెమరీ టెస్ట్ ఆరు గంటలు పెట్టాను, ఎర్రర్స్ లేవు, ఇదిగో టెంపరేచర్ లాగ్" అంటే మదర్‌బోర్డు మాట అంత తేలిగ్గా నోటికి రాదు. వచ్చినా, ఏ టెస్ట్ చేసి చెప్తున్నారో అడిగే హక్కు మీకుంది.

మీ ల్యాప్‌టాప్ ఎన్ని నిమిషాలకి ఫ్రీజ్ అవుతోంది, క్యాప్స్ లాక్ లైట్ మారుతోందా లేదా, ఈ రెండూ కింద కామెంట్‌లో రాయండి. ఉత్తినే "బ్రో హెల్ప్" అని రాస్తే నేను కూడా బండి మీదున్నప్పటి సలహానే ఇస్తాను! బ్యాకప్ మాత్రం ఈ రాత్రికే తీసుకోండి. నెక్స్ట్ వీడియోలో కలుద్దాం, ఉంటాను.