మూడు నదుల నడిమి మట్టి



డెబ్బది అయిదేండ్లు నిండిన పాఠశాల ఉత్సవంలో మట్టిని గురించి ప్రసంగమేమిటని కొందరికి తోచవచ్చు. కాని సిరోంచ సీమలో పిల్లవానికి కొన్న పలక వెనుకనూ, పుస్తకం వెనుకనూ ఏదో ఒక పొలం పండించిన పంట ఉన్నది. ఆ పొలం గుణమెరిగినవాడు నిలిచాడు; ఎరుగనివాడు అప్పులపాలయ్యాడు. కనుక మట్టి చదువు కూడా చదువే.

సిరోంచ తాలూకాకు పడమట ప్రాణహిత, దక్షిణాన గోదావరి, తూర్పున ఇంద్రావతి ప్రవహిస్తున్నాయి. ఎదుటి ఒడ్డున కాళేశ్వరం. 1860లో నిజాం ప్రభువు గోదావరి ఎడమ గట్టు తాలూకాలను ఆంగ్లేయులకు అప్పగించగా, సిరోంచ ఎగువ గోదావరి జిల్లాకు ముఖ్యపట్టణమయింది. తరువాత చాందా జిల్లాలో కలిసింది. 1982లో గడ్చిరోలి జిల్లా ఏర్పడగా అందులో చేరింది. ఏలుబడులు మారినా ఇండ్లలోనూ పొలాలలోనూ తెలుగు నిలిచింది.

ఇక్కడి నేలకు పుట్టుక చాలా ప్రాచీనమైనది. ప్రాణహిత–గోదావరి లోయలో గోండ్వానా కాలపు ఇసుకరాళ్ళు, బంకరాళ్ళు, సున్నపురాళ్ళు పొరలు పొరలుగా ఉన్నాయి. ఈ తాలూకాలోని కోట గ్రామం పేరుననే ఆ పొరలలో ఒకదానిని కోట శిలాశ్రేణి అని శాస్త్రజ్ఞులు వ్యవహరిస్తారు. పోచంపల్లి పరిసరాలలో బయల్పడిన రాక్షసబల్లి అస్థులకు 1975లో బరపాసారస్ టాగోరీ అని నామకరణం చేశారు. ఆ అస్థిపంజరం కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థలో ఉన్నది.

ఇసుకరాయి శిథిలమైనచోట ఎర్రని, తేలికైన ఇసుక నేల ఏర్పడింది. తెలుగు రైతు దానిని చెల్క అంటాడు. వాన కురిసినంతసేపే తడి. నాలుగు దినాలు ఎండ కాస్తే మొక్క వాడుతుంది. వేసిన ఎరువు నీటితోబాటు క్రిందికి దిగిపోతుంది. కనుక ఇందులో జొన్న, నువ్వు, కంది వంటి పంటలు మేలు. యూరియాను ఒకేసారి చల్లక, విడతలుగా వేయాలి. పశువుల ఎరువు తప్పనిసరి.

నల్లరేగడి గుణం వేరు. అందులోని బంకమన్ను నీటికి ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. తడిని దీర్ఘకాలం నిలుపుకొంటుంది గనుక పత్తికి, వానలు వెనుకపట్టిన తరువాత వేసే శనగకు అనుకూలం. కాని నీరు నిలిచినచోట పత్తి వేళ్ళకు గాలి అందదు. మురుగు కాలువ లేనిదే రేగడి వరం కాజాలదు. పల్లంలో బంక పాలు అధికమైన నేల నీటిని ఇంకనీయదు గనుక వరికి తగినది. చెరువు క్రింద వరి నిలవడంలోని రహస్యమిదే.

మూడవది నదీతీరపు ఒండ్రు. వార్ధా నది నల్లరాతి ప్రదేశాలనుండీ, వైన్‌గంగ అధికభాగం ఇతర శిలా ప్రదేశాలనుండీ మన్ను తెచ్చి, రెండూ కలిసి ప్రాణహితయై ఈ గట్టున దించుతాయి. మెత్తని ఒండ్రులో మిరప బాగుగా పండుతుంది. అయితే నది ఇచ్చిన చేతితోనే తీసుకొంటుంది. ఒక వరద మెత్తని మట్టిని పరిస్తే, మరొక వరద దానిపై ముతక ఇసుక మేట వేస్తుంది. ఇంకొకటి గట్టునే కోసివేస్తుంది. 2019 జూన్ 21న మేడిగడ్డ బ్యారేజీ ప్రారంభమైన పిదప, వెనుక జలాల వలన పొలాలు మునుగుతున్నవని ఈ ఒడ్డు రైతులు మొరపెట్టుకున్నారు. 2023 అక్టోబరు 21న ఆ బ్యారేజీ స్తంభాలు కుంగగా నిలువ నీటిని వదలవలసి వచ్చింది. నష్టపరిహారం ఎకరాల లెక్కన కట్టవచ్చును. ఒండ్రుకు బదులుగా చెల్క ఇస్తే ఎకరం ఎకరానికి సమానం కాదన్నది మట్టి తెలిసినవారే చెప్పగలరు.

ఇక్కడ భాష ప్రసక్తి వస్తుంది. తూర్పు విదర్భ పాత రెవెన్యూ లెక్కలలో నేలలకు కన్హార్, మోరండ్, ఖర్డీ అని పేర్లు. ఇంటిలో తాత చెప్పేవి రేగడి, చెల్క, దుబ్బ. దున్నడానికి తగిన తడిని తెలుగు రైతు పదును అంటే, మరాఠీ రైతు వాఫసా అంటాడు. అనుభవం ఒక్కటే, మాటలు రెండు. 2015లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన భూసార పత్రంలో ఆమ్ల–క్షార గుణం, సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్ మొదలైనవి అంకెలలో ఉంటాయి. ఆ కాగితం చదవలేని రైతుకు అది గోడకు అంటించే బొమ్మ మాత్రమే. తాత మాట మరచిన మనుమనికి ఆ అంకె ఏ చేనుదో తెలియదు. ఇద్దరినీ కలిపే వంతెన పాఠశాలే.

ఆ వంతెన కట్టడానికి ధనం అక్కరలేదు. గట్లు, పెంటకుప్పలు, చెట్ల నీడలు విడిచి, చేనంతటా పలుచోట్ల జానెడు లోపలి వరకు మట్టి తీసి, కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు తీసివేస్తూ అరకిలో మిగిల్చితే పరీక్షకు నమూనా సిద్ధం. అందులో గుప్పెడు మట్టిని గాజుసీసా నీటిలో కలిపి కదలక ఉంచితే, ఇసుక నిమిషంలో అడుగు చేరుతుంది. ఒండ్రు గంటలలో దిగుతుంది. బంక మరునాటికీ నీటిని మురికిగానే ఉంచుతుంది. ఎనిమిదవ తరగతి విద్యార్థి చేయగల ప్రయోగమిది.

ప్రతి విద్యార్థి తన ఇంటి చేను మట్టిని సీసాలో తెచ్చి, చీటీపై తెలుగు పేరు, మరాఠీ పేరు, పరీక్ష అంకెలు, ఆ యేటి పంట వ్రాసి ప్రయోగశాలలో ఉంచితే, పది సంవత్సరాలలో ఈ సీమ మట్టి చరిత్ర ఒక గదిలో నిలుస్తుంది. ఊరు విడిచి దూరదేశాలలో స్థిరపడిన పూర్వ విద్యార్థులు ఆ గదికి ఒక బీరువా సమకూర్చినా చాలు. నది గట్టును కోసినపుడు, ఏ మట్టి పోయినదో చెప్పే సాక్ష్యమైనా ఈ ఊరి పిల్లల చేతివ్రాతలో మిగిలి ఉంటుంది.

స్వస్తి.