ఇప్పచెట్టు కింది లెక్క



ఏజెన్సీ బడుల్లో ఆడపిల్లలకు చదువు చెబుతూ జీవితమంతా గడిపిన టీచరమ్మ పేరున జరుగుతున్న సభ ఇది. అందుకే ఆ పిల్లల దాకా చేరే రెండు వ్యాపారాల గురించే మాట్లాడతాను.

ఇప్పపువ్వు మార్చి, ఏప్రిల్ నెలల్లో రాలుతుంది. తెల్లవారేసరికి చెట్టు కింద పరుచుకుని ఉంటుంది. పశువులు మెయ్యకముందే ఏరాలి గనుక గోండు, కోయ, కోలాం ఆడవాళ్లు చీకటితోనే బుట్టలతో బయల్దేరతారు. ఏరడం, ఎండబెట్టడం, సంతకు మోయడం చాలావరకు వాళ్ల పనే. ధర మాత్రం తూకం పట్టినవాడి నోట వచ్చేది. ఇంట్లో ఉప్పు నిండుకున్న మనిషి ఎంతసేపని బేరమాడుతుంది? ఈ దోపిడీని ఆపడానికే 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టింది. 1996 పెసా (షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల) చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం ఆదివాసీలకు అటవీ ఫలసాయం మీద హక్కునిచ్చాయి. మంచిదే. కానీ పువ్వును పువ్వుగానే అమ్ముకున్నంత కాలం లాభం అడవి దాటిపోతూనే ఉంటుంది.

మైదానం వాళ్లకు ఇప్పపువ్వు అనగానే సారాయే గుర్తొస్తుంది. కరువు రోజుల్లో గూడేలను బతికించిన తిండి అదేనని మరిచిపోయాం. ఉట్నూరులో భీంబాయి ఆదివాసీ మహిళా సహకార సంఘం ఆ పువ్వుతో లడ్డూలు చేసి, దాన్ని మళ్లీ తిండిగా నిలబెట్టింది. రక్తహీనతతో బాధపడే ఆశ్రమ పాఠశాలల పిల్లలకు అవి అందాయి. తల్లులు ఏరిన పువ్వు పిల్లల ఒంట్లో రక్తమైంది. ఇంతకన్నా గొప్ప లాభం నాకు తెలియదు.

భద్రాచలం మహిళలది మరో దారి. ఒకప్పుడు పొలాల్లో కూలికి వెళ్లినవాళ్లు సంఘంగా ఏర్పడి, శిక్షణ తీసుకుని, చిరుధాన్యాలతో బిస్కెట్లు చేస్తున్నారు. 'భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్' పేరుతో అవి లండన్ దాకా వెళ్లాయని 2025 జూన్‌లో ప్రధాని 'మన్ కీ బాత్'లో చెప్పారు. లండన్ మాట పత్రికలకు నచ్చింది. నాకు నచ్చింది వేరే. ఆ మహిళలే 'గిరి' పేరుతో శానిటరీ ప్యాడ్లు చేశారు. మూడు నెలల్లో 40,000 తయారుచేసి, తక్కువ ధరకు బడులకు, చుట్టుపక్కల ఆఫీసులకు అందించారు. నెలసరి రోజుల్లో బడి మానేసే పిల్ల బాధ ఆ తల్లులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. తామూ పడ్డ బాధే అది.

సంపాదించాక మిగిలిందాంట్లో కొంత ఊరికిస్తే దాన్ని సేవ అంటాం. వీళ్ల దగ్గర సరుకులోనే ఊరి మేలు ఉంది. అందుకే వీళ్లకు చప్పట్లు, సన్మానాలు, శాలువాలు చాలవు. నిలకడగా ఆర్డర్లు కావాలి. సభలో ఉన్న అధికారులకు, హాస్టల్ వార్డెన్లకు నా మనవి ఇదే: మీ పిల్లలకు కావలసిన లడ్డూలకు, బిస్కెట్లకు, ప్యాడ్లకు ముందు ఈ సంఘాలనే అడగండి. సరుకు అందిన నెలలోనే బిల్లు చెల్లించండి.