నీటికంటే ముందు చేరవలసిన మాట

(దివిసీమ ఉప్పెనలో పోయినవారి స్మృతిలో, ఢిల్లీ పక్కన ఘాజియాబాద్‌లోని వైశాలిలో తెలుగు కుటుంబాల సభలో చేసిన ఉపన్యాసం)



1977 నవంబరు 19, శనివారం. ఆ రోజు కృష్ణానది సముద్రంలో కలిసేచోట నీరు ఐదు మీటర్ల ఎత్తున లేచి దివిసీమ మీద పడింది. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి లాంటి ఊళ్ల పేర్లు అప్పటిదాకా ఆ చుట్టుపక్కల వారికే తెలుసు. ఆ తర్వాత దేశానికంతటికీ తెలిశాయి. ప్రభుత్వ లెక్క ప్రకారమే పోయిన ప్రాణాలు పదివేల దాకా ఉన్నాయి. ఆ సీమవాళ్లు చెప్పే లెక్క అంతకన్నా చాలా పెద్దది.

తుఫాను రాబోతోందని ఆ రోజు ఎవరికీ తెలియదని చాలామంది అనుకుంటారు. వాతావరణ శాఖకు తెలుసు, రేడియో కూడా చెప్పింది. కానీ సముద్రం ఒడ్డున బతికేవాడికి తుఫాను వస్తుందన్న మాట ఏటా వినేదే. నీళ్లు ఎంత ఎత్తున వస్తాయి, ఊళ్లోకి ఎంత దూరం చొచ్చుకొస్తాయి, ఏ పొద్దుకల్లా ఎక్కడికి వెళ్లిపోవాలి అన్న మూడు సంగతులు ఇంటింటికీ వచ్చి చెప్పినవాళ్లు లేరు. చెప్పి ఉన్నా వెళ్లడానికి చోటు లేదు. పూరిళ్ల మధ్య గట్టి కట్టడమంటే ఎక్కడో ఒక బడి, ఒక గుడి, ఒక చర్చి. వాటిలోకి చేరినవాళ్లు కొందరు బతికారు. తాటిచెట్టు ఎక్కినవాళ్లు కొందరు బతికారు.

చెట్టెక్కి బతకడం గురించి ఒక మాట చెప్పాలి. దివిసీమకు ఏడేళ్ల ముందు, 1970 నవంబరులో, ఇప్పటి బంగ్లాదేశ్‌లోని భోలా ప్రాంతాన్ని తుఫాను ముంచేసింది. పోయినవాళ్లు మూడు లక్షలకు తక్కువ ఉండరని అంచనా. తర్వాత అక్కడికి వెళ్లిన డాక్టర్లు బతికినవారి ఒంటి మీద ఒకే రకం గాయాలు చూశారు. చేతుల లోపలివైపు, ఛాతీ మీద, తొడల మీద చర్మం చెక్కుకుపోయి ఉంది. రాత్రంతా చెట్టును కావలించుకున్నందువల్ల అయిన గాయాలవి. అలా పట్టుకోగలిగినవాళ్లలో ఎక్కువమంది వయసులో ఉన్న మగవాళ్లు. పోయినవారిలో పిల్లలు, ముసలివాళ్లు, ఆడవాళ్లు ఎక్కువ. ముందు జాగ్రత్త అన్నది ఎవరికోసమో నాకు ఆ లెక్క చూశాకే బాగా అర్థమైంది. చెట్టు ఎక్కగలిగినవాడు ఎలాగో బతుకుతాడు, ఎక్కలేనివాళ్ల కోసం ఎవరో ఒకరు ముందుగా ఆలోచించి ఉండాలి.

ఇంకా వెనక్కి వెళితే 1864 నవంబరు 1 నాటి బందరు ఉప్పెన ఉంది. ఒక్క రాత్రిలో ముప్పైవేలమందిని సముద్రం పట్టుకుపోయింది. ఆ దెబ్బతో రేవు పట్టణంగా బందరు ప్రాభవమే తగ్గిపోయింది.

1908 సెప్టెంబరు 28న హైదరాబాదులో మూసీ పొంగింది. పదిహేనువేలమంది దాకా పోయారని అంటారు. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు నూటయాభైమందిని కాపాడింది. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది, వెళ్లి చూడవచ్చు. నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. వరదను ఊరి పైననే ఆపాలన్నది ఆయన ఆలోచన. దాని ఫలితంగా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. గొప్ప పని అది. తరాలపాటు ఆ నగరాన్ని కాపాడింది, నీళ్లు తాగించింది.

అయితే జలాశయం కట్టిన రోజునుంచి ఇంకో బాధ్యత కూడా మొదలవుతుంది. నది తనంతట తాను పెరిగితే ఒడ్డున ఉన్నవాడి కంటికి కనిపిస్తుంది. గేట్లు ఉన్నచోట నీరు ఎప్పుడు, ఎంత వస్తుందో గేటు దగ్గరి మనిషికే తెలుస్తుంది. అందుకే గేటు కట్టినప్పుడే, గేటు దగ్గరినుంచి దిగువ వీధి దాకా మాట చేరే దారిని కూడా కట్టాలి. నా ఉద్దేశంలో మన వరదల చరిత్రంతా ఈ రెండో పని చేసిన చోట్లకూ చేయని చోట్లకూ మధ్య ఉన్న తేడాయే.

చేసిన చోట ఏమైందో చూడండి. 1977 తర్వాత కోస్తా పొడుగునా తుఫాను రక్షణ భవనాలు లేచాయి. స్తంభాల మీద గదులు, పైకి మెట్లు, మామూలు రోజుల్లో బడి. ఇన్‌శాట్ ఉపగ్రహం వచ్చాక హెచ్చరిక నేరుగా తీరప్రాంతపు ఆఫీసుల్లోని రిసీవర్లకు చేరే ఏర్పాటు జరిగింది. 1990 మే 9న మళ్లీ కృష్ణా ముఖద్వారం దగ్గరే, దాదాపు 1977 నాటి ఉగ్రతతోనే తుఫాను తీరం దాటింది. ఈసారి ఐదు లక్షలమందికి పైగా జనాన్ని ముందే తరలించారు. పోయినవాళ్లు వెయ్యిలోపు. వెయ్యి అన్నది తక్కువని నేను అనను, ఒక్క ప్రాణమైనా ప్రాణమే. కానీ అదే గాలి, అదే సముద్రం, మధ్యలో పదమూడేళ్లు. మారింది మనుషులు చేసుకున్న ఏర్పాటు ఒక్కటే. ఆర్టీసీ బస్సు ఊళ్లోకి రావడం, రెవెన్యూ ఉద్యోగి గడప దగ్గర నిలబడి బతిమాలడం, వినకపోతే కోప్పడడం, గొడ్డూ గోదా వదిలి రామన్న ముసలివాళ్లను ఎత్తుకెళ్లి బస్సెక్కించడం. ఈ పనులు చేసినవాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. ఈ సభనుంచి వాళ్లందరికీ నమస్కారం పెడుతున్నాను.

ఆరేళ్లకే, 1996 నవంబరు 6న, కోనసీమ తుఫానులో మళ్లీ వెయ్యిమందికి పైగా పోయారు. వారిలో చాలామంది వేటకు వెళ్లిన మత్స్యకారులు. భైరవపాలెం, బలుసుతిప్పల్లో మగదిక్కు లేని ఇళ్లు మిగిలాయి. ఒడ్డు దాకా వెళ్లిన హెచ్చరిక సముద్రంలో ఉన్న పడవ దాకా వెళ్లలేదు.

మాట జనం దాకా చేరిన చోట్లలో గోదావరి సంగతి నాకు మరీ ఇష్టం. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరం దగ్గరైతే పది లక్షల క్యూసెక్కులకు మొదటిది, పదమూడుకు రెండోది, పదిహేడుకు మూడోది. లంకల్లో ఉండేవాళ్లకు ఈ అంకెలు కంఠతా వచ్చు. భద్రాచలంలో ఇంత ఉందంటే రేపటికి తమ ఊళ్లో ఏ రోడ్డు మునుగుతుందో, పశువులను ఎప్పుడు గట్టెక్కించాలో, బియ్యం మూటలు ఎప్పుడు అటక ఎక్కించాలో వాళ్లే చెబుతారు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు వచ్చింది. 2022 జూలైలో 71.3 అడుగులకు చేరింది. నష్టం జరిగింది, ఊళ్లు మునిగాయి, కానీ జనం చాలావరకు ముందే కదిలారు. అంకె విన్నవాడికి తాను చేయవలసిన పని గుర్తుకు రావాలి. అలా వచ్చినప్పుడే అది హెచ్చరిక.

ఇక చేయని చోటు. 2024 సెప్టెంబరు 1, విజయవాడ. ఆ సమయంలో ప్రకాశం బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులకు మించి నీరు వెళ్లింది, బ్యారేజీ చరిత్రలోనే అది ఎక్కువ. అందరి కళ్లూ కృష్ణ మీదే ఉన్నాయి. ఊరిని ముంచింది మాత్రం బుడమేరు. మైలవరం కొండల్లో పుట్టి కొల్లేటికి పోయే చిన్న ఏరు అది. దాని మళ్లింపు కాలువకు మూడుచోట్ల గండ్లు పడ్డాయి. సింగ్‌నగర్, పాయకాపురం, కండ్రిక, రాజరాజేశ్వరీపేట నీళ్లలో కూరుకుపోయాయి. ఏటి ఎగువన వెలగలేరు దగ్గర ఏం జరుగుతోందో తమకు తెలియదని, నీళ్లు గుమ్మంలోకి వచ్చాకే తెలిసిందని అక్కడివాళ్లు చెప్పారు. డ్రోన్లతో అన్నం పొట్లాలు జారవిడిచారు. సాంకేతికత అంత దూరం వచ్చింది. అదే సాంకేతికతతో ముందురాత్రి ఒక్క మాట చేరవేసి ఉంటే బాలింతలు, మంచం పట్టినవాళ్లు ఆ నీళ్లలో రోజుల తరబడి ఉండేవాళ్లు కాదు. ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు ఊరుకోదు. సముద్రం విషయంలో ఇంత నేర్చుకున్న రాష్ట్రం, ఊరిమధ్య పారే ఏటి విషయంలో ఎందుకు నేర్చుకోలేదు?

ఇప్పుడు మనం కూర్చున్న చోటికి వద్దాం.

వైశాలికి పడమర యమున, తూర్పున హిండన్. మన పక్కనుంచే హిండన్ కాలువ వెళ్లి ఓఖ్లాకు ఎగువన యమునలో కలుస్తుంది. రెండు నదుల మధ్య ఉన్నామన్న సంగతి మెట్రోలో వచ్చిపోయేవాళ్లకు గుర్తుండదు.

2023 జూలై 13న ఢిల్లీలోని పాత ఇనుప వంతెన దగ్గర యమున 208.66 మీటర్లకు వచ్చింది. ప్రమాదస్థాయి 205.33. అంతకుముందు అత్యధికం 1978 నాటి 207.49. మనం ఆలోచించవలసింది ఇంకోటి ఉంది. ఆ వారం హర్యానాలోని హత్నీకుండ్ బ్యారేజీ నుంచి గరిష్ఠంగా వదిలింది 3.59 లక్షల క్యూసెక్కులు. 2019లో అక్కడినుంచే 8 లక్షలకు పైగా వదిలినా ఢిల్లీలో నీరు 207 మీటర్లు దాటలేదు. సగంకన్నా తక్కువ నీటికి అంతకన్నా ఎక్కువ ఎత్తు! నదిలో మేట వేసిన మట్టి, వరదమైదానంలో లేచిన కట్టడాలు, మొరాయించిన ఐటీఓ బ్యారేజీ గేట్లు ఇందుకు కారణాలని అప్పుడు చర్చ జరిగింది. వజీరాబాద్, చంద్రావల్, ఓఖ్లా నీటిశుద్ధి కేంద్రాలు ఆగిపోయి, వరదలో ఉన్న ఊరికి తాగునీళ్లు కరువయ్యాయి. హత్నీకుండ్‌లో వదిలిన నీరు ఢిల్లీ చేరడానికి సాధారణంగా దాదాపు రెండు రోజులు పడుతుంది. ఆ సమయం మన చేతిలో ఉన్నదే. అయినా నది ఒడ్డున ఖాదర్ నేలల్లో కూరగాయలు పండించుకునే చాలా కుటుంబాలు మంచాలు, గ్యాస్ బండలు, పిల్లలను చివరి నిమిషంలో మోసుకుని రోడ్డెక్కాయి. వారాల తరబడి ఫ్లైఓవర్ల పక్కన పట్టాల కింద ఉన్నాయి.

అదే నెలలో హిండన్ కూడా పొంగింది. సహారన్‌పుర్ వైపు పుట్టి వచ్చే ఈ నదిని ఇక్కడివాళ్లు మురుగుకాలువ అనే అనుకుంటారు. మనకు కొద్ది కిలోమీటర్లలోనే ఉన్న కర్హేరాలోకి నీరు వచ్చింది. దిగువన నోయిడా పక్క సుతియానాలో వరసలుగా నిలబెట్టిన వందల కార్లు పైకప్పులు మాత్రం కనిపించేలా మునిగిన ఫొటో మీరంతా చూసే ఉంటారు. ఆ కార్ల ఫొటో దేశమంతా తిరిగింది. ఆ పక్కనే మునిగిన గదుల్లోని మనుషుల గురించి అంత మాట్లాడుకోలేదు. నదీగర్భంలో ముక్కలు చేసి అమ్మిన ప్లాట్లలో ఇళ్లు కట్టుకున్నవాళ్లు, అద్దెకున్నవాళ్లు వాళ్లు. మన అపార్ట్‌మెంట్లలో గిన్నెలు తోమే అమ్మ, గేటు దగ్గర కాపలా ఉండే అన్న, చెత్త బండి తోసే అబ్బాయి అలాంటి చోట్లనుంచే వస్తారు. మన సొసైటీ వాట్సాప్ గ్రూపులో వాళ్లు లేరు.

వరద మూడో అంతస్తుకు రాదు కదా అనుకునేవాళ్లకు రెండు సంగతులు. 2024 జూలై 27న ఢిల్లీ ఓల్డ్ రాజిందర్ నగర్‌లో నేలమాళిగలోని కోచింగ్ సెంటర్ లైబ్రరీలోకి వాననీరు దూసుకొచ్చి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. మన తెలుగు పిల్లలు ఎందరో సివిల్స్ చదువుకోవడానికి వచ్చే వీధులవి. నాలుగు రోజుల తర్వాత మన పక్కనే ఘాజీపుర్‌లో, నీళ్లు నిండి కనిపించని మురుగుకాలువలో పడి ఒక తల్లి, ఆమె చిన్నపిల్లవాడు పోయారు. నది దూకుడు లేకుండా, ఒట్టి వానకే ఇవి జరిగాయి. ఆ ఏడాది జూన్ 28న ఒక్కరోజులో సఫ్దర్‌జంగ్‌లో 228 మిల్లీమీటర్ల వాన పడింది. జూన్‌లో అంత వాన 1936 తర్వాత లేదు. గాలి వేడి ఒక డిగ్రీ పెరిగితే అది మోసే నీటి ఆవిరి సుమారు ఏడు శాతం పెరుగుతుంది. కాబట్టి ఇలాంటి రోజులు మళ్లీ వస్తాయి.

మన సెల్లారులోకి ఒకసారి దిగి చూడండి. కరెంటు మీటర్ల బోర్డు అక్కడే, లిఫ్టు గుంట అక్కడే, చాలాచోట్ల జనరేటరు స్విచ్చు, మోటారు స్టార్టరు కూడా నడుము ఎత్తులోనే ఉంటాయి. డ్రైవర్లు మధ్యాహ్నం పడుకునేదీ, కాపలావాళ్లు రాత్రి వంట చేసుకునేదీ అక్కడే. వాన గట్టిగా పట్టినప్పుడు మెయిన్ ఎవరు ఆపాలి, ఆ మనిషి లేకపోతే ఇంకెవరు, కింద పడుకున్నవాళ్లను ఎవరు లేపాలి? ఈ మూడు ప్రశ్నలకు మూడు పేర్లు గోడ మీద రాసిపెట్టడానికి ఖర్చు లేదు. దివిసీమలో ఇంటింటికీ వచ్చి చెప్పినవాళ్లు లేరన్నానే, ఆ ఇంటింటికీ వెళ్లే మనిషిని మన భవనంలో ముందుగా నియమించుకోవడమే ఇది.

చట్టం మన వెనక ఉంది. 2005 విపత్తు నిర్వహణ చట్టం జిల్లా మేజిస్ట్రేట్ అధ్యక్షతన ప్రతి జిల్లాలో ఒక ప్రాధికార సంస్థ ఉండాలంది. 2025 సవరణ నగరపాలక సంస్థలున్న పట్టణాలకు విడిగా పట్టణ విపత్తు నిర్వహణ సంస్థలను పెట్టే వీలు కల్పించింది. ఘాజియాబాద్ నగరపాలక సంస్థే. జాతీయ విపత్తు ప్రతిస్పందన దళం 8వ బెటాలియన్ ఉన్నది మన ఘాజియాబాద్‌లోనే. స్థానిక యువతకు శిక్షణ ఇచ్చే ఆపదమిత్ర పథకం ఉంది. కానీ బెటాలియన్ పడవ వచ్చే లోపలి గంటలు ఇరుగుపొరుగువే. బంగ్లాదేశ్ భోలా తర్వాత ఆ గంటల కోసమే ఊరి వాలంటీర్లను వేలల్లో తయారుచేసింది, మెగాఫోను, జెండా, సైకిలు చేతికిచ్చి. వారిలో ఆడవాళ్లు కూడా ఉండాలని తర్వాత నేర్చుకుంది. పరాయి మగవాడు తలుపు తట్టి రమ్మంటే బయటికి రాలేని ఇళ్లు ఇక్కడి బస్తీల్లోనూ ఉన్నాయి.

అందుకని మన తెలుగు కుటుంబాలను అడుగుతున్నది ఇది. వానలు మొదలయ్యేలోగా, ఇక్కడి నీటిపారుదల శాఖ ఆఫీసుకు కొందరం వెళ్లి హిండన్ నీటిమట్టాలు ఎక్కడ కొలుస్తారో, ఎంత వస్తే ఏ బస్తీలోకి నీరు వస్తుందో అడిగి తెలుసుకుందాం. భద్రాచలం అంకెల్లాగే మూడు అంకెలు హిందీలో పెద్ద అక్షరాలతో రాయించి ఆ బస్తీల కిరాణా కొట్ల దగ్గర, మసీదు దగ్గర, గుడి దగ్గర కట్టిద్దాం. ప్రతి బస్తీలో ఇద్దరు ఆడవాళ్లు, ఇద్దరు మగవాళ్ల ఫోన్ నంబర్లు మన దగ్గర ఉండాలి, మనవి వాళ్ల దగ్గర ఉండాలి. నీరు పెరిగిన రాత్రి మన కమ్యూనిటీ హాళ్ల తాళాలు ఎవరి దగ్గర ఉంటాయో వాళ్లకు ముందే తెలియాలి. ఆ హాళ్లు తెరుస్తామని సొసైటీ కమిటీల చేత రాతపూర్వకంగా ఒప్పించే పని నేను తీసుకుంటాను.

బయట బల్ల మీద ఒక పుస్తకం పెట్టాం. వెళ్లేటప్పుడు మీ పేరు, ఫ్లాటు నంబరు రాయండి. దాని పక్కనే, మీ ఇంట్లో పనిచేసేవారు ఏ బస్తీలో ఉంటారో, వాళ్లింట్లో నడవలేని పెద్దవాళ్లు, చంటిపిల్లలు ఎందరున్నారో రాయండి. తెలియకపోతే రేపు పొద్దున వాళ్లు పనిలోకి వచ్చినప్పుడు అడిగి, ఆదివారంలోగా నాకు చెప్పండి.