పాపికొండల బోటు టూర్: ఒక్క ఫోటో కోసం అమ్మ లైఫ్ జాకెట్ తీయించాను

పోయిన ఎపిసోడ్‌లో అరకు వెళ్లాం, కాఫీ తోటలు చూశాం, బొంగులో చికెన్ తిన్నాం. ఈసారి కూడా అవే తూర్పు కనుమలు, కాకపోతే కొండ మీద నుంచి కాదు, నీళ్ల మీద నుంచి.

దీనికి కారణం నా ఫ్రెండ్. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే రోజుల్లో పక్క సీటులో ఉండేవాడు, ఇప్పుడు యూరప్‌లో ఉన్నాడు. ఇటలీలో సార్డీనియా పక్కన లా మద్దలేనా అని ఒక దీవుల గుంపు ఉంది. పొద్దున్న బోటు ఎక్కితే దీవి తర్వాత దీవి చూపిస్తారు, మధ్యలో ఈత కొట్టనిస్తారు, బోటులోనే భోజనం పెట్టి సాయంత్రానికి దింపేస్తారు. ఆ వీడియో పంపించి, "మన దగ్గర ఇలాంటిది ఉందా రా?" అన్నాడు. ఎందుకు లేదు! సముద్రం కాదు, గోదావరి. దీవులు కాదు, కొండలు. పొద్దున్న ఎక్కి సాయంత్రం దిగే గ్రూప్ బోటు టూర్ మనకీ ఉంది. అదే పాపికొండలు.

అరకు ఎక్కడ, గోదావరి ఎక్కడ అనుకోకండి. 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడినప్పుడు అరకు, ఈ బోటు వెళ్లే దేవీపట్నం మండలం రెండూ ఒకే జిల్లాలోకి వచ్చాయి. కొండల వరస ఒక్కటే. ఇక్కడ ఆ వరసని గోదావరి మధ్యలో చీల్చుకుని వస్తుంది. జుట్టులో పాపిడి తీసినట్టు ఉంటుంది కాబట్టి పాపిడి కొండలు అనేవారని, అదే పాపికొండలు అయిందని చెప్తారు.

ముందు ప్లాన్ చెప్పేస్తాను. రాజమండ్రి చేరుకోండి. అక్కడి నుంచి బస్సులోనో కారులోనో గండి పోచమ్మ గుడి దగ్గర బోటు పాయింట్‌కి వెళ్లాలి. భద్రాచలం వైపు నుంచి వచ్చేవాళ్లకి పోచవరంలో ఎక్కిస్తారు. టికెట్ మనిషికి వెయ్యి దాటుతుంది, టిఫినూ భోజనమూ అందులోనే. జులై నుంచి సెప్టెంబర్ దాకా వరదల కాలం, అప్పుడు అసలు అనుకోవద్దు. నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు బాగుంటుంది. పొద్దున్న మంచు కొండల నడుము మీద కూర్చుని ఉంటుంది.

నేను అమ్మని తీసుకెళ్లాను. అమ్మకి గోదావరి అంటే సినిమాలే. బాపు గారి 'అందాల రాముడు', తర్వాత శేఖర్ కమ్ముల 'గోదావరి'. రెండూ బోటు ప్రయాణం కథలే కదా. పుష్కరాలకి రాజమండ్రిలో స్నానం చేసింది గానీ, బోటు ఎక్కడం ఇదే మొదటిసారి. నారింజ రంగు లైఫ్ జాకెట్ ఇస్తే, పట్టుచీర మీద ఇదేంటిరా అని నవ్వుకుంటూనే వేసుకుంది.

బోటు కదిలేటప్పుడు ఒకతను మైకు తీసుకుని జాకెట్ ఎలా కట్టుకోవాలి, దిగే దారి ఎటు, ఒకే పక్కకి అందరూ ఎందుకు చేరకూడదు అని చెప్పాడు. నిజం చెప్పాలంటే నేను వినలేదు. డ్రోన్ బ్యాటరీ చూసుకుంటున్నాను. చుట్టూ చాలామంది కూడా వినలేదు. రెండు నిమిషాల్లో అది అయిపోయింది, పాటలు మొదలయ్యాయి, కుర్రాళ్లు డ్యాన్సు మొదలెట్టారు.

కొంతదూరం వెళ్లాక ఒడ్డున పైకప్పుల్లేని గోడలు కనిపించాయి. ఒక గుమ్మం, గుమ్మం వెనక ఇల్లు లేదు. దేవీపట్నం వైపు ఊళ్లు అవి. కింద పోలవరం దగ్గర కాఫర్ డ్యామ్ కట్టిన తర్వాత వరద వస్తే నీళ్లు వెనక్కి తన్ని ఈ ఊళ్లలోకి ఎక్కుతున్నాయి. మనం బోటు ఎక్కిన గండి పోచమ్మ గుడి కూడా వరదల్లో మునుగుతుంది. చాలామంది జనం ఇప్పటికే పునరావాస కాలనీలకి వెళ్లిపోయారు. బోటులో పాట ఆగలేదు. నేను కూడా ఆ గోడల్ని "వావ్" అంటూనే షూట్ చేశాను. ఫుటేజ్‌లో నా గొంతు వినిపిస్తోంది, కట్ చేయలేదు. అలాగే ఉంచాను.

ఇప్పుడు టైటిల్‌లో చెప్పిన విషయానికి వస్తాను.

కొండలు రెండు వైపులా దగ్గరికి వచ్చేశాయి. నది వంపు తిరుగుతోంది, వెలుతురు అద్భుతంగా ఉంది. థంబ్‌నెయిల్ ఇక్కడే అనుకున్నాను. అమ్మని రెయిలింగ్ దగ్గర నిలబెట్టాను. ఫ్రేమ్‌లో జాకెట్ బాగోలేదు, చీర కనిపించట్లేదు. "అమ్మా, ఒక్క నిమిషం అది తీసెయ్" అన్నాను. తీసేసింది. కొడుకు చెప్పాడు కదా. రెండు ఫోటోలు తీశాను.

బోటులో భోజనాలు వడ్డించే కుర్రాడు ఒకడు గబగబా వచ్చాడు. ఇరవై ఏళ్లు ఉంటాయేమో. నా మీద అరవలేదు. నా వైపు చూడను కూడా చూడలేదు. కింద ఉన్న జాకెట్ తీసి, దులిపి, "ఏసుకో అమ్మా" అని తనే బకిల్స్ పెట్టాడు. తర్వాత నాతో, "అన్నా, ఇది కచ్చులూరు" అన్నాడు. అంతే, వెళ్లిపోయాడు.

ఆ పేరు గుర్తుందా మీకు?

2019 సెప్టెంబర్ 15, ఆదివారం. రాయల్ వశిష్ఠ అనే టూరిస్టు బోటు కచ్చులూరు దగ్గర తిరగబడింది. బోటులో 70 మందికి పైగా ఉన్నారు. బయటపడింది 26 మంది. మొదట వెళ్లి కాపాడింది ఒడ్డున ఉండే గిరిజనులు, తమ నాటు పడవల మీద. మునిగిన బోటుని కాకినాడ ధర్మాడి సత్యం బృందం పైకి తీసేసరికి అక్టోబర్ 22 అయింది. బయటపడ్డవాళ్లలో ఎక్కువమంది జాకెట్ వేసుకున్నవాళ్లే అని అప్పట్లో వార్తల్లో వచ్చింది.

నేను బీటెక్ వాడిని కాబట్టి లెక్కలో చెప్తాను. ఆ రోజు గోదావరిలో ప్రవాహం దాదాపు 5 లక్షల క్యూసెక్కులు. ఒక క్యూసెక్కు అంటే సెకనుకి 28 లీటర్ల పైన. అంటే సెకనుకి సుమారు కోటీ నలభై లక్షల లీటర్లు. రాజమండ్రిలో ఈ నది ఎంత వెడల్పో మీకు తెలుసు, అక్కడ రైలు కమ్ రోడ్డు బ్రిడ్జి పొడవు 4 కిలోమీటర్లు దాటుతుంది. అదే నీళ్లు కొండల మధ్య కొన్ని వందల మీటర్ల సందులోంచి రావాలి. వెడల్పు తగ్గితే నీళ్లు తగ్గవు కదా, లోతూ వేగమూ పెరుగుతాయి. దానికి తోడు వంపు. వంపులో నీళ్లు కొండకి కొట్టుకుని తిరిగొచ్చి సుడులు తిరుగుతాయి. పైకి చూస్తే ఏమీ తెలీదు. ఫోటోకి ఏది బాగుందని నేను అనుకున్నానో, ఆ ఇరుకూ ఆ వంపే అక్కడి ప్రమాదం.

నేను వెళ్లింది జనవరి. నీళ్లు అద్దంలా ఉన్నాయి. ఏమీ కాలేదు. కానీ ఏమీ కాలేదు కాబట్టి నేను చేసింది తప్పు కాకుండా పోదు.

పేరంటపల్లిలో దిగాక ఆ కుర్రాడి దగ్గరికి వెళ్లి సారీ చెప్పాను. అతనిది కొండమొదలు వైపు ఊరు. అతను చెప్పిన మాట ఇది. "టూరిస్టు బోటు మునిగితే అందరికీ గుర్తుంటుంది అన్నా. అంతకుముందు ఏడాది మా లాంచీ మునిగింది. అది ఎవరికి గుర్తుంది?"

నాకు గుర్తు లేదు. రూమ్‌కి వెళ్లి వెతికాను. 2018 మే 15, మంటూరు దగ్గర. అది టూర్ బోటు కాదు, ఊళ్ల మధ్య తిరిగే లాంచీ. రోడ్డు లేని ఊళ్లకి అదే బస్సు. పనులు చూసుకుని, సామాన్లు కొనుక్కుని ఇళ్లకి వెళ్తున్న జనం. సాయంత్రం గాలివాన వచ్చింది. తడవకుండా తలుపులు, కిటికీలు మూసేసుకున్నారని, అందుకే చాలామంది బయటికి రాలేకపోయారని రాశారు. సుమారు 20 మంది పోయారు. మనకి ఒకరోజు సరదా అయిన దారే వాళ్లకి రోజూ ఇంటికెళ్లే దారి.

ఇది మన దగ్గరే అని కూడా అనుకోవద్దు. 2012 జనవరి 13న ఇటలీలోనే జీలియో దీవి దగ్గర కోస్టా కాంకోర్డియా అనే పెద్ద ఓడ రాయికి కొట్టుకుని ఒరిగిపోయింది. 4,200 మందికి పైగా ఉన్నారు, 32 మంది చనిపోయారు. ఆ సాయంత్రమే ఎక్కిన వందలమందికి అప్పటికింకా సేఫ్టీ డ్రిల్ జరగలేదు. అప్పటి రూల్ ప్రకారం 24 గంటల్లోపు చేస్తే చాలు. ఆ తర్వాత రూల్ మార్చారు. 2015 నుంచి ఓడ కదలడానికి ముందు గానీ కదిలిన వెంటనే గానీ డ్రిల్ చేయాల్సిందే. అంటే నేను వినకుండా వదిలేసిన ఆ రెండు నిమిషాల కోసం ప్రపంచం అంత మూల్యం కట్టింది.

మన దగ్గర కూడా 2019 తర్వాత టూర్లు ఆపేశారు. నది వెంట కంట్రోల్ రూములు పెట్టారు. 2021 చివర్లో మళ్లీ మొదలుపెట్టారు. రూల్ పెట్టడం వాళ్ల పని. జాకెట్ ఒంటి మీద ఉంచుకోవడం మన పని. అది సీటు కింద ఉంటే లేనట్టే, ఎందుకంటే బోటు తిరగబడేటప్పుడు వెతుక్కునే టైమ్ ఉండదు.

పేరంటపల్లి గురించి రెండు మాటలు. అక్కడ శివాలయం ఉంది, బాలానంద స్వామి స్థాపించిన రామకృష్ణ మునివాటం ఉంది, చాలా ప్రశాంతంగా ఉంటుంది. మెట్ల పక్కన కొండరెడ్లు వెదురుతో చేసిన బొమ్మలు, పూల సజ్జలు అమ్ముతారు. ఈ ఊరున్న వేలేరుపాడు మండలం 2014 దాకా ఖమ్మం జిల్లాలో ఉండేది, పోలవరం కోసమే ఆంధ్రలో కలిపారు. ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. అంత నింపితే ఖాళీ చేయాల్సిన కుటుంబాలు లక్షకు పైనే. మీరు వెళ్తే బేరం ఆడకండి. ఫోటో తీసేముందు అడగండి. అక్కడ ఒక పెద్దావిడ నా కెమెరా చూసి ముఖం తిప్పుకుంది. ఆ రోజు మొదటిసారి నేను కెమెరా కిందికి దించాను.

సరే, వెళ్లేవాళ్లు ఈ నాలుగూ గుర్తుపెట్టుకోండి. ఎక్కగానే జాకెట్ కట్టుకోండి, దిగేదాకా తీయొద్దు, భోజనానికి కూడా. కదిలేముందు చెప్పేది వినండి. బయటికి దారి ఎటో చూసుకుని కూర్చోండి, ముఖ్యంగా కింద డెక్‌లో. సరంగు గానీ అధికారులు గానీ ఈ రోజు వెళ్లం అంటే డబ్బులు వాపసు తీసుకుని ఇంటికి రండి, గొడవ పెట్టుకోకండి.

తిరుగు రైల్లో అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. సామర్లకోట దాటాక మెల్లగా అంది, "నువ్వు అడిగావని తీసేశాను గానీ, నాకు ఈత రాదు కదరా."

ఆ రెండు ఫోటోలూ డిలీట్ చేశాను. ఈ ఎపిసోడ్ థంబ్‌నెయిల్‌లో అమ్మ నారింజ రంగు జాకెట్‌తో ఉంది. చీర సగమే కనిపిస్తోంది. ఆ బకిల్స్ పెట్టింది ఆ కుర్రాడే.

మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. జాగ్రత్త. ఉంటాను అండి.